అంజమ్మ అడిగిన చాయ్

ఆ శుక్రవారం పొద్దున గచ్చిబౌలి కనిపించలేదు. తొమ్మిదో అంతస్తు అద్దాలకు మబ్బు ఆనుకుని నిలబడింది. ఎదుటి టవర్ల నెత్తులు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి తేలుతున్నాయి. కింద రోడ్డు మీద ఆఫీసు బస్సుల హారన్లు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి. లిఫ్టు దిగిన మనిషికి తాను ఇంకా నేలకు సంబంధించినవాడినే అని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

యాదయ్య అద్దం వైపు చూడలేదు. పాలు చూస్తున్నాడు.

అరవై రెండేళ్ళవాడు. ఆ అంతస్తు ప్యాంట్రీ అతనిది. కరెంటు పొయ్యి, రెండు గిన్నెలు, వడపోసే జాలి ఒకటి, నాలుగు ఫ్లాస్కులు. పాలమూరు దిక్కు తన ఊళ్ళో బడికి అయిదో తరగతి దాకా పోయాడు. పంతులు బెత్తంతో నేర్పిన ఎక్కాలు ఇప్పటికీ తప్పకుండా వస్తాయి. ఎవరు ఎప్పుడు ఏ తప్పు చేశారో గుర్తుంచుకోవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఫోను మోగింది. కూతురు స్వప్న.

"నాయినా, ఎల్లుండి పెత్రమాస. యాదికున్నదా?"

"ఉన్నది."

"అమ్మకు ఇష్టమైనయన్ని నేను వండుతా. నీ అల్లుడు రాజేందర్ ఇస్తరాకులు తెస్తనన్నడు. నువ్వు ఈసారన్న ఒక చాయ్ పెట్టు."

"పెట్ట."

"రెండేండ్లాయె. అమ్మకు చాయ్ అంటే పానం. పోయినోళ్ళకు ఇష్టమైంది పెట్టే దినం నాడు అన్ని పెట్టి, అదొక్కటి పెట్టకపోతే ఎట్ల నాయినా?"

"బతికున్నప్పుడే నా చాయ్ వద్దన్నది. సచ్చినంక తాగుతదా?"

"నీతోటి మాట్లాడుడు కన్న గోడతోటి మాట్లాడుడు నయం."

"గోడతోటే మాట్లాడు. నాకు పాలు పొంగుతున్నయ్."

పాలు పొంగడం లేదు. యాదయ్య ఫోను జేబులో పెట్టుకుని గరిటె తిప్పాడు.

రెండేళ్ళ కింద దవాఖాన మంచం మీద అంజమ్మ ఒక పొద్దున కళ్ళు తెరిచి, "పాలు పొయ్యకుండ, జర నల్లగ చాయ్ తీస్కరాయ్యా," అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద చెప్పొచ్చు. కానీ ఇది యాదయ్య వల్ల కాలేదు. వాళ్ళ ఊళ్ళో పాలు లేని చాయ్ ఒకే ఒక ఇంటికి వెళుతుంది. శవం లేచిన ఇంటికి. మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టి పాలు ముట్టేదాకా, ఆ ఇంటివాళ్ళకు చుట్టుపక్కలవాళ్ళు కాచి పంపేది అదే. మంచాన పడ్డ మనిషి చేతిలో ఆ కప్పు ఎలా పెడతాడు?

రెండు బస్సులు మారి గోపన్‌పల్లిలో తన గదికి వెళ్ళాడు. చిక్కటి పాలు సగానికి మరిగించాడు. అల్లం దంచి వేశాడు. ఫ్లాస్కులో పోసుకుని మళ్ళీ రెండు బస్సులు మారి వచ్చాడు. ఫ్లాస్కు మూతలో పోసి ఇస్తే అంజమ్మ రెండు చేతులా పట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు వాసన చూసింది. ఒక గుక్క తాగింది. మూత పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగి పడుకుంది.

పాలు విరిగాయేమోనని చూసినట్టు చూసింది. ఎవరి చాయ్‌ని? ముప్పై ఏళ్ళు రోజూ తెల్లవారుజామున తాను కాచి ఆమె చేతికిచ్చిన చాయ్‌ని. నాలుగు రోజులకు అంజమ్మ పోయింది. ఆ నాలుగు రోజులూ అతను మళ్ళీ చాయ్ తేలేదు, ఆమె మళ్ళీ అడగలేదు. పెళ్ళాం పోయిన దుఃఖం అందరు మొగుళ్ళకూ ఉండేదే. పక్కకు పెట్టిన ఆ మూత మాత్రం అతనొక్కడిదే. దాన్ని మరవలేదు. క్షమించలేదు.

అంజమ్మ ఆరేళ్ళు ఊడ్చి తుడిచింది ఈ తొమ్మిదో అంతస్తునే. అప్పుడు యాదయ్య పక్క బిల్డింగు క్యాంటీన్‌లో ఉండేవాడు. ఆమె పోయాక కాంట్రాక్టరు అతన్ని ఇక్కడికి మార్చాడు. అప్పటికే ఇక్కడివాళ్ళు చాలామంది మారిపోయారు. అంజమ్మ పేరెత్తేవాళ్ళు లేరు. ఒక రకంగా మంచిదే అనుకున్నాడు.

తొమ్మిది దాటాక ఒక అమ్మాయి ప్యాంట్రీలోకి వచ్చింది. రెండేళ్ళు బెంగళూరు ఆఫీసులో ఉండి మొన్న సోమవారమే తిరిగొచ్చిందని విన్నాడు. దేవిశ్రీ. కాకినాడ వైపు పిల్ల.

"బాబాయ్, పదకొండింటికి మా టీమ్ అందరం ఒక టీ రుచి చూడాలండి. కాస్త సాయం చేస్తారా?"

"చాయ్ రోజు తాగుతనే ఉన్నరు గద. రుచి సూసుడేంది?"

"ఇది వేరే టీ అండి." చిన్న గుడ్డ సంచీ మూతి విప్పింది. లోపల చాపత్త పొడి కాదు, ఆకులే. నల్లగా, పొడుగ్గా, మెలితిరిగి, వానకు తడిసి ఎండిన తాడు పోగుల్లా ఉన్నాయి. "మణిపూర్ కొండల్లోంచి నా ఫ్రెండ్ పంపింది. తోటలో పెంచింది కాదు. అడవిలో దానంతటదే మొలిచిన చెట్లు. ఎక్కి కోస్తారు."

"చాయ్ చెట్టు ఎక్కుడా? టీవీల సూసిన నేను. నడుముదాంక ఉంటది."

"తోటల్లో ఎప్పటికప్పుడు కత్తిరిస్తారు కాబట్టి అంతే ఉంటుందండి. ఎవరూ ముట్టుకోకపోతే అదీ చెట్టే. ఇంటి కంటే ఎత్తు పెరుగుతుంది."

యాదయ్యకు అది నచ్చలేదు. అరవై రెండేళ్ళు వచ్చాక, ముప్పై ఏళ్ళుగా చేతిలో నలిగిన వస్తువు గురించి ఇంకొకరు చెప్పాలా? ఆకు గిన్నెలో వేసి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. అతనికి తెలిసిన పద్ధతి అది. అది కుతకుతా ఉడికింది. గిన్నె నిండా తారులాంటి నలుపు.

దేవిశ్రీ తొంగి చూసి నవ్వు ఆపుకుంది. "మరిగించకూడదు బాబాయ్. నీళ్ళు కాచి దించాక, ఆకు మీద పోసి మూత పెట్టాలి. మూడు నిమిషాలు. అంతే."

"గంతేనా? ఆకుకు తానం చేయించినట్టున్నది."

"అంతేనండి. పాలూ పంచదారా ఏమీ వద్దు."

"పాలు లేని చాయ్ మా దిక్కు ఎవరు తాగుతరో ఎర్కేనా బిడ్డా?"

"ఎవరు?"

యాదయ్య ఆమె ముఖం చూసి, గిన్నెలోని నలుపు పారబోశాడు. "ఏం లే. నీళ్ళు పెడ్త."

పదకొండింటికి కిటికీ పక్కనున్న పెద్ద బల్ల చుట్టూ ఎనిమిది మంది చేరారు. మబ్బు ఇంకా పోలేదు. యాదయ్య కెటిల్‌తో వచ్చి, దేవిశ్రీ చెప్పినట్టే గాజు కూజాలోని ఆకుల మీద నీళ్ళు పోసి పక్కన నిలబడ్డాడు. చుట్టుకుని ఉన్న ఆకు నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది. ఒక్కొక్కటే విచ్చుకుంది. నీళ్ళు ముందు తేనె రంగు, తర్వాత పొద్దువాలే వేళ చెరువు రంగు.

లోహిత్ అనే కుర్రాడు కప్పు అందుకోగానే నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఆగరా బాబూ," అంది దేవిశ్రీ. "ముందు వాసన. రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకోండి. తొందరేం లేదు. ఆ తర్వాతే గుక్క."

"స్టాండప్ మీటింగ్‌లో కూడా ఇంత క్రమశిక్షణ లేదు మనకి," అన్నాడు లోహిత్.

ఎనిమిది మందీ కప్పులు రెండు చేతులా పట్టుకున్నారు. ముక్కుల దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. వాళ్ళ వెనకాల అద్దాల నిండా తెలుపు.

యాదయ్య చేతిలో కెటిల్ ఒరిగింది. నాలుగు వేడి చుక్కలు చెప్పు మీద పడ్డాయి. అతనికి తెలియలేదు.

ఎనిమిది మంది అంజమ్మలు.

అదే పట్టుకోవడం. అదే మూసుకోవడం. పాలు విరిగాయా అని చూసేవాళ్ళు కళ్ళు మూసుకోరు. ఆ సంగతి రెండేళ్ళుగా అతనికి తట్టలేదు.

"తేనె వాసన వస్తోంది," అంది రసజ్ఞ అనే పిల్ల.

"నాకు మా నానమ్మ బీరువా తెరిచినట్టుంది," అన్నాడు లోహిత్.

"నువ్వు దేన్నైనా బీరువా దాకా తీసుకుపోతావు," అంది రసజ్ఞ. అందరూ నవ్వారు. తర్వాత తాగారు. తాగాక, ఎందుకో, కాసేపు ఎవరూ ఫోను తీయలేదు.

అందరూ లేచి వెళ్ళాక కప్పులు ఎత్తుతూ యాదయ్య అడిగాడు. గొంతు మామూలుగానే ఉంచాడు.

"గిట్ల వాసన సూసుడు నీకెవరు నేర్పిన్రు బిడ్డా?"

"ఈ ఆకు పంపిన ఫ్రెండేనండి. నేను మళ్ళీ ఇంకొకరికి నేర్పాను, ఇక్కడే." దేవిశ్రీ కిటికీ వైపు చూపించింది. "మీరు రాకముందు ఈ ఫ్లోర్‌లో అంజమ్మ పిన్ని అని ఉండేవారు, హౌస్‌కీపింగ్‌లో. నేను ఏడింటికే వచ్చేదాన్ని. అప్పటికి ఎవరూ ఉండరు కదా. ఇద్దరం ఆ కిటికీ దగ్గర కూర్చుని ఇది తాగేవాళ్ళం. మొదటిసారి ఆవిడా మీలాగే మరిగించేశారు."

యాదయ్య కప్పులు ఒకదానిలో ఒకటి పెడుతున్నాడు. అవి ఒకదానిలో ఒకటి పట్టేవి కావు. అయినా పెడుతున్నాడు.

"ఇష్టంగ తాగేదా?"

"ప్రాణం పెట్టేవారు. వాసన చూసి, మొర్రిచెట్టు ఎక్కినట్టున్నది అనేవారు. నాకు మొర్రిచెట్టంటే ఏంటో తెలీదు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి పక్క అడవిలో ఎక్కేవారట. ఈ టీ చెట్టు కూడా ఎక్కి కోస్తారని చెప్తే ఎంత నవ్వారో. నన్ను ఆడికి తోలియ్యి, ఇప్పటికీ ఎక్కుత అన్నారు."

"ఇంట్ల కాసుకోకపోయిందా? ఇంత ఇష్టమున్నప్పుడు."

"అడిగానండి. పొట్లం కట్టిస్తాను, తీసుకెళ్ళమన్నాను. వద్దన్నారు." దేవిశ్రీ అంజమ్మ గొంతు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కాకినాడ నోట్లో పాలమూరు మాట వంకరగా వచ్చింది. "మా ఆయన పొద్దుగాల్నే లేసి నా కోసం చాయ్ పెడ్తడు. అసొంటి చాయ్ ఎవ్వల్లు పెట్టరు. ఇంకో చాయ్ మంచిగున్నదంటే ఆయన మనసుకు తగుల్తది, అనేవారు."

యాదయ్య బల్ల మీద తడి చోటు తుడిచాడు.

"ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారో తెలుసా బాబాయ్? వచ్చినప్పట్నుంచి అడుగుతున్నాను. ఎవరికీ తెలియదంటున్నారు. ఈ ఊళ్ళోనే ఉండి ఉంటారు కదా?"

ఫోనులో ఎవరో పిలిచారు. జవాబు కోసం ఆగకుండానే మీటింగ్‌కి వెళ్ళిపోయింది.

కూజాలో అడుగున ఇంకా రెండు కప్పులకు సరిపడా ఆకు ఉంది. యాదయ్య ప్యాంట్రీలోకి తెచ్చి మళ్ళీ నీళ్ళు కాచాడు. దించాడు. పోశాడు. గోడ గడియారంలో మూడు నిమిషాలు నిలబడి చూశాడు. ఈ బిల్డింగులో తన కోసం ఎప్పుడూ అంతసేపు ఊరికే నిలబడలేదు. తర్వాత కప్పు తీసుకుని, పొయ్యి పక్కన ఉన్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, ఆమె కూర్చునేదన్న కిటికీ దగ్గర కూర్చున్నాడు.

రెండు చేతులు. ముక్కు. కళ్ళు.

ముందు ఏమీ రాలేదు. వేడి ఆవిరి, అంతే. ఇంత మాత్రానికేనా అనుకున్నాడు. తర్వాత, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తీసినట్టు, తడిసిన బెరడు వాసన వచ్చింది. తొలకరి పడ్డ రాయి వాసన. పుట్టతేనె పిండిన చేతి వాసన. ఒక గుక్క తాగాడు. నాలుక మీద చేదు ఆనింది. ఆనిన చోటే అది తీపిగా మారి గొంతులోకి జారింది. పాల చాయ్ నోటికి అడ్డంగా కూర్చుంటుంది. ఇది కూర్చోలేదు. నడిచింది.

అతను దాని వెనకాలే నడిచాడు. అద్దం అడ్డు రాలేదు. మబ్బులో అడుగు పెడితే అది నేలలాగే ఉంది, కాస్త మెత్తగా. ఎదుటి టవర్లు నల్లటి మానులై నిలబడ్డాయి. వాటికి నాచు పట్టింది. కొమ్మల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ కత్తిరించని చెట్లు. ఎవరూ నాటనివి. ఎంత ఎత్తున్నాయో పైకి చూస్తే తెలియడం లేదు. ఎక్కడో ఆకులు కదిలాయి. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, పాదాలు కొమ్మకు ఆనించి అంజమ్మ కూర్చుని ఉంది. పెళ్ళయిన కొత్తలో ఉన్నంత ఉంది. ఒళ్ళో ఆకులు ఉన్నాయి.

"దిగు," అన్నాడు యాదయ్య. "పడ్తవ్."

"పడ." ఆమె కిందికి చూడలేదు. ఆకులు తుంచుతూనే ఉంది. "పాలు పోసినవా?"

"పోసిన."

"అదే అనుకున్న."

మాటలో కోపం లేదు. అదే అతన్ని నొప్పించింది. కోపం ఉంటే జవాబు ఇచ్చేవాడు. కోపానికి జవాబులు అతని దగ్గర రెండేళ్ళ నుంచి తయారుగా ఉన్నాయి. "జర చెప్పకపోయినవా," అన్నాడు. "గీ చాయ్ కావాలె, గా పిల్ల దగ్గరున్నది అని. ఒక్క మాట."

అంజమ్మ ఒక ఆకు నలిపి వాసన చూసుకుంది. "చెప్తే నువ్వు రెండు బస్సులెక్కి చిక్కటి పాలు తెస్తుంటివా?"

చెట్లు మళ్ళీ టవర్లయ్యాయి. మబ్బు చిరిగి, గాజు గోడల మీద ఎండ పడింది. కప్పు చల్లారిపోయింది. యాదయ్య అడుగు చుక్క దాకా తాగాడు. స్టూలు ఎత్తి దాని చోట పెట్టాడు. మధ్యాహ్నం చాయ్‌కి పాలు పొయ్యి మీద పెట్టాడు.

సాయంత్రం అయిదున్నరకు దేవిశ్రీ బ్యాగు సర్దుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాడు. ఎవరినీ ఏదీ అడిగి తీసుకున్న అలవాటు లేదు.

"ఆ ఆకు జర ఇయ్యి బిడ్డా. ఒక్క కప్పుకు."

"మీకూ నచ్చిందా బాబాయ్?"

"నాకు గాదు. అంజమ్మకు."

దేవిశ్రీ ముఖం వెలిగింది. "మీకు తెలుసా ఆవిడ?"

"తెల్సు."

సంచీలో మిగిలిందంతా కాగితంలో కట్టి చేతిలో పెట్టింది. "దేవిశ్రీ అడిగిందని చెప్పండి. ఒకసారి ఫోన్ చేయమనండి."

"చెప్త," అన్నాడు యాదయ్య.

ఆ పిల్ల మనసులో అంజమ్మ ఇంకా ఏదో ఫ్లోర్ తుడుస్తూనే ఉంది. సోమవారం చెప్పక తప్పదు. రెండు రోజులు ఉండనీ అనుకున్నాడు. ఆమె బతికున్న చోటు ఇంకొకటి ఉందని అతనికి తెలిసింది ఇవాళే.

ఆదివారం గోపన్‌పల్లి సందుల్లో తంగేడుపూల మోపులు అమ్ముతున్నారు. సాయంత్రానికి బతుకమ్మలు మొదలవుతాయి. స్వప్న గదికి వచ్చి నేల తుడిచి ఆకు పరిచింది. అన్నం, పప్పు, గారెలు, వంకాయ కూర, పాయసం. అగర్‌బత్తి వెలిగించి, తండ్రిని అడగకుండానే ఆకులో ఒక మూల ఖాళీ వదిలింది. ఏటా వదులుతుంది. ఏటా అది ఖాళీగానే ఉంటుంది.

యాదయ్య లేచి గ్యాస్ ముట్టించాడు. నీళ్ళు కాచి దించాడు. కాగితం విప్పి, ఆకు గిన్నెలో వేసి, నీళ్ళు పోసి మూత పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ నాయినా?"

"చాయ్."

"పొయ్యి మీద పెట్టకుండనా?"

"మాట్లాడకు. లెక్క తప్పుత."

నూటఎనభై దాకా లెక్కపెట్టాడు. గూట్లోంచి ఫ్లాస్కు మూత తీశాడు. దవాఖాన నుంచి తెచ్చిన రోజు కడిగి పెట్టాడు, మళ్ళీ ముట్టలేదు. అందులో వడపోశాడు. స్వప్న చూసి నొసలు ముడిచింది.

"గిదేంది? డికాషన్. పాలు లేవా? చెప్తే తెస్తుంటి గద."

"పాలున్నయ్."

మూత తీసుకెళ్ళి ఆకులో ఖాళీ మూలలో పెట్టి, గొంతుక్కూర్చున్నాడు. ఇది చావింటి చాయ్ అని ఆనాడు ఇవ్వలేదు. ఇవాళ ఇస్తున్నాడు, ఎవరూ తప్పు పట్టరు. ఇవ్వడానికి ఇంతకంటే సరైన రోజు లేదు. ఆ సంగతి తలుచుకుంటే నోట్లో చేదు ఆనింది. ఈ చేదు మాత్రం ఎక్కడా తీపిగా మారలేదు. ఆమెను క్షమించాల్సింది ఏమీ లేదని తేలాక, క్షమించకూడని మనిషి గదిలో ఒక్కడే మిగిలాడు.

"దేవిశ్రీ అడిగింది నిన్ను," అన్నాడు, ఆకు వైపు చూస్తూ. మూత కాస్త ముందుకు జరిపి, "గీసారి పాలు పొయ్యలే," అన్నాడు.

ఆవిరి సన్నగా లేచింది.

గిన్నెలో ఇంకొంచెం మిగిలింది. గ్లాసులో పోసి స్వప్నకు ఇచ్చాడు. ఆమె ఊది తాగబోయింది.

"ఆగు. ముందు వాసన సూడు. రెండు చేతుల్ల పట్టుకో. కండ్లు మూసుకో."

తండ్రికి ఏమైందో అన్నట్టు చూసింది. అయినా గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. అచ్చం తల్లి ముఖమే. ఎంతకీ తెరవలేదు.

యాదయ్య కిటికీ వైపు తిరిగాడు.